విద్యార్థులలో ఎచ్.ఐ.వి. నివారణ – పంచాయతీల కర్తవ్యము

కళాశాలలు తెరచు దినములలో మన పల్లెల బస్సు స్టాండులవద్ద ఏటేట ఒక దృశ్యము కానవచ్చును. ఒక చేత బట్టల సంచియు, మరియొక చేత జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టిన మూటయు పట్టుకొని పిల్లలు పట్నమునకు బయలుదేరుచుందురు. ఆలూరు, పత్తికొండ, కోసిగి ప్రాంతములవారు కర్నూలునకును, జమ్మలమడుగు, పులివెందుల, బద్వేలు ప్రాంతములవారు కడపకును పోవుదురు. వారిలో పెక్కురు తమ ఇంట కళాశాల మెట్టెక్కిన మొదటివారు. వానలు లేని యేట గొడ్లనమ్మియు, మెడలోని బంగారము కుదువబెట్టియు తలిదండ్రులు వారిని చదివించుచున్నారు.

ఒకప్పుడు పై చదువులకై ఈ సీమ బిడ్డలు అనంతపురమునకో, తిరుపతికో, మదరాసునకో పోవలసివచ్చెడిది. 2006లో కడపయందు యోగి వేమన విశ్వవిద్యాలయమును, 2008లో కర్నూలునందు రాయలసీమ విశ్వవిద్యాలయమును ఏర్పడుటతో ఆ కొరత చాలవరకు తీరినది. ఇది మనకందరకు గర్వకారణము. అయితే బిడ్డ చదువునకు కావలసిన ఫీజును గూర్చియు, వసతి భోజనములను గూర్చియు ఆలోచించు మనము, ఇల్లు విడిచియుండు ఆ మూడు నాలుగేండ్లలో వాని ఆరోగ్యమును గూర్చి ఎంతవరకు ఆలోచించుచున్నాము? అందులో మనము నోరెత్తుటకే సంకోచించు విషయమొకటి కలదు. అదియే ఎచ్.ఐ.వి. దానిని గూర్చియే ఈ మాసము పంచాయతీ సభ్యులతో ముచ్చటింపదలచితిమి.

చీటీల పెట్టె

కొంతకాలము క్రిందట ఈ ప్రాంతమందలి యొక కళాశాల వసతిగృహములో ఎచ్.ఐ.వి. నివారణపై ఏర్పాటైన సభకు మేము వెళ్లియుంటిమి. వైద్యుడు గంటసేపు చక్కగా విషయమును వివరించెను. పిమ్మట "సందేహములున్న అడుగుడు" అనగా ఒక్కరును లేవలేదు. వెనుక వరుసలవారు తమలో తాము నవ్వుకొనిరి; ముందు వరుసలవారు తలలు వంచుకొనిరి. అప్పుడు అధ్యాపకుడొకరు ఒక అట్టపెట్టెను తెప్పించి, ఎవరి పేరును వ్రాయనక్కరలేదనియు, ప్రశ్నను మాత్రము చీటీపై వ్రాసి పెట్టెలో వేయుడనియు చెప్పెను. పది నిమిషములలో పెట్టె సగము నిండెను.

అందు కొన్ని చీటీలు మనమెల్లరము ఎదురుచూడదగినవే. దోమ కుట్టిన వచ్చునా? ఒకే పళ్లెమున తినిన వచ్చునా? మనిషిని చూచి వ్యాధి ఉన్నదో లేదో చెప్పవచ్చునా? కొన్ని చీటీలు ఇంతకంటె లోతైనవి. స్నేహితులు ఎగతాళి చేసినప్పుడు ఏమి బదులు చెప్పవలెనని ఒకరు వ్రాసిరి. పెండ్లియాడెదనన్నవానిని అనుమానించుట తప్పు కాదా యని వేరొకరు వ్రాసిరి. చిట్టచివర వైద్యుని చేతికి వచ్చిన చీటీ మీద ఒక్క వాక్యమే యున్నది: "పరీక్ష చేయించుకుంటే మా ఊర్లో తెలిసిపోతాదా సార్?"

తెలియదనియు, తెలుపుటకు చట్టము ఒప్పుకొనదనియు వైద్యుడు సమాధానమిచ్చెను. సభ ముగిసినది. కాని ఆ చీటీ మమ్ము విడువలేదు. ఆ ప్రశ్న వ్రాసిన విద్యార్థికి పరీక్ష ఒకటి ఉన్నదని తెలియును. అది చేయించుకొనుట మంచిదనియు తెలియును. అయినను వెనుకంజ వేయుచున్నాడు. అతడు భయపడుచున్నది వ్యాధికి కాదు, మనకు. ఈ ప్రశ్నకు విశ్వవిద్యాలయము ఎన్ని పాఠములు చెప్పినను పూర్తి సమాధానము దొరకదు. సమాధానము చెప్పవలసినది వాని ఊరు.

వ్యాధి స్వభావము

ముందుగా విషయమును మనము సరిగా తెలిసికొందము. ఎచ్.ఐ.వి. యనునది ఒక వైరస్. అది శరీరములో ప్రవేశించి, రోగములతో పోరాడు తెల్ల రక్తకణములలో ఒక ముఖ్యమైన తెగను క్రమక్రమముగా నాశనము చేయును. చేనికి కావలియున్నవానినే పడగొట్టు దొంగవంటిది ఇది. కావలివాడు పడిన పిమ్మట ఏ గొడ్డు వచ్చి మేసినను అడ్డగించువాడుండడు. అట్లే రోగనిరోధక శక్తి క్షీణించిన పిమ్మట క్షయ మొదలగు రోగములు సులభముగా చుట్టుముట్టును. ఆ దశకే ఎయిడ్స్ అని పేరు. చికిత్స లేనిచో ఆ దశ వచ్చుటకు సామాన్యముగా ఎనిమిది పదేండ్లు పట్టవచ్చును. అంతవరకు మనిషి పైకి ఆరోగ్యవంతుడుగానే కనబడును. సేద్యము చేయును, చదువుకొనును, ఆటలాడును. కావున ముఖము చూచి వ్యాధిని చెప్పుట ఎవరి తరమును కాదు.

ఇది ఒకరినుండి ఒకరికి సోకు మార్గములు నాలుగే. మొదటిది, వైరస్ గలవారితో రక్షణ లేని లైంగిక సంబంధము; మన దేశములో ఎక్కువమందికి ఈ మార్గముననే సోకుచున్నది. రెండవది, వైరస్ గల రక్తమును ఎక్కించుట. మూడవది, ఒకరికి వాడిన సూదిని, సిరంజిని మరియొకరికి వాడుట. నాల్గవది, తల్లినుండి బిడ్డకు గర్భమునందు గాని, కాన్పు సమయమున గాని, చనుబాల ద్వారా గాని సంక్రమించుట. నేడు రక్తనిధులలో దాతలిచ్చిన ప్రతి రక్తపు సంచిని పరీక్షించుట నిర్బంధము చేయబడినది. రక్తదానము చేసినవారికి దీనివలన ఏ ప్రమాదమును లేదు. ప్రతివారికిని క్రొత్త సూదినే వాడుదురు.

ఈ నాలుగు మార్గములు తప్ప వేరు మార్గము లేదు. చేయి కలిపినను, ఒకే పంక్తిలో కూర్చుండి భుజించినను, ఒకే కొళాయివద్ద నీరు పట్టుకొనినను, ఒకే మరుగుదొడ్డిని వాడినను, దగ్గినను, తుమ్మినను, దోమ కుట్టినను ఇది సోకదు. రోగికి సేవ చేయుటవలనను, శవమును మోయుటవలనను సోకదు. ఈ మాటను పంచాయతీ సభ్యులు కంఠస్థము చేయదగును. పల్లెలలో జరుగు అన్యాయములలో పెక్కింటికి ఈ మాట తెలియకపోవుటయే మూలము.

నివారణ, పరీక్ష, చికిత్స

నివారణోపాయములు కూడ స్పష్టమైనవే. యువకులు తొందరపడక నిగ్రహము పాటించుట, దంపతులు ఒకరికొకరు విశ్వాసముతో నుండుట మేలైన రక్షణ. ఇది పాటింపని చోట ప్రతిసారియు నిరోధ్ వాడుట తప్పనిసరి. 1968లో కుటుంబ నియంత్రణ నిమిత్తము ప్రభుత్వము ప్రవేశపెట్టిన నిరోధ్ పేరు మన పల్లెలలో పెద్దలకందరకు తెలిసినదే. సక్రమముగా వాడినచో అదే ఈ వ్యాధినుండియు, ఇతర సుఖవ్యాధులనుండియు కాపాడును. సుఖవ్యాధి ఉన్నవారికి ఎచ్.ఐ.వి. మరింత సులభముగా సోకును గనుక, అట్టి వ్యాధులకు నాటువైద్యముతో కాలము గడపక వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. పొరపాటుననో, బలాత్కారము వలననో ప్రమాదమునకు లోనైనవారు 72 గంటలలోపల వైద్యుని కలిసినచో, 28 దినములు వాడవలసిన మందులతో వ్యాధి సోకకుండ చాలవరకు నివారింపవచ్చును. ఆలస్యమైన కొలది ఆ మందులు పనిచేయవు. సిగ్గుచే దాచుకొన్న మూడు దినములు ఒక జీవితమునే మార్చివేయగలవని దీనివలన తెలియుచున్నది.

ప్రభుత్వ వైద్యశాలలలోని సమాలోచన, పరీక్షా కేంద్రములలో ఎచ్.ఐ.వి. పరీక్షను ఉచితముగా చేయుదురు. పరీక్షకు ముందును, తరువాతను సలహాదారు రహస్యముగా మాటాడి ధైర్యము చెప్పును. 18 ఏండ్లు నిండినవారు తమంతట తామే పోయి చేయించుకొనవచ్చును. ఇంటినుండి అనుమతి తేనక్కరలేదు. ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను: వ్యాధి సోకిన వెంటనే అది పరీక్షలో కనబడకపోవచ్చును. కావున అనుమానమున్నవారు మూడు మాసముల తరువాత మరల పరీక్ష చేయించుకొనుట అవసరము. సందేహములు తీర్చుటకు 1097 అను ఉచిత టెలిఫోను నెంబరు కలదు.

ఇక చికిత్స. ఈ వ్యాధిని పూర్తిగా నిర్మూలించు మందు సామాన్యముగా వాడుకలోనికి ఇంకను రాలేదు. కాని దానిని అణచియుంచు మందులు ఉన్నవి. 2004 ఏప్రిల్ 1 నుండి మన దేశములో ప్రభుత్వము వీనిని ఉచితముగా ఇచ్చుచున్నది. 2017 నుండి వ్యాధి ఏ దశలో ఉన్నదని చూడక, సోకినట్లు తెలిసిన ప్రతివారికిని మందు ప్రారంభించుట విధానమైనది. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన వైద్యశాలలలో ఇందుకై ఏ.ఆర్.టి. కేంద్రములు పనిచేయుచున్నవి. ఇట్టి మందులను ప్రపంచమునకెల్ల సరఫరా చేయు కర్మాగారములలో కొన్ని మన హైదరాబాదునకు చెందినవే. పెక్కుమందికి నేడు దినమునకు ఒక్క మాత్ర చాలును. దానిని క్రమము తప్పక వాడినవారు ఇతరులవలెనే పని చేసికొనుచు, పెండ్లి చేసికొని, నిండు ఆయుస్సుతో బ్రతుకవచ్చును. రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నవారినుండి లైంగిక సంబంధము వలన ఇతరులకు వ్యాధి సోకదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఏ చికిత్సయు లేనిచో వ్యాధి గల తల్లులకు పుట్టు నూరుగురు శిశువులలో 15 మొదలు 45 మందికి అది సంక్రమింపవచ్చును. చికిత్స పొందినచో ఆ సంఖ్యను అయిదింటికి లోపుగా తగ్గింపవచ్చును. కావున త్వరగా పరీక్ష చేయించుకొనుట శిక్ష కాదు, రక్ష.

ఒక విద్యార్థిని చేసిన మేలు

విద్యార్థులకు ఈ విషయముతో ఏమి పని యని అడుగువారు కలరు. మన దేశములో ఈ వ్యాధి జాడను మొదట కనుగొన్నది ఒక విద్యార్థినియే యని వారికి తెలిసియుండదు. 1986లో మదరాసు వైద్యకళాశాలలో సూక్ష్మజీవశాస్త్రము నభ్యసించుచున్న సెల్లప్పన్ నిర్మల, తన అధ్యాపకురాలు డాక్టరు సునీతి సోలోమన్ ప్రోత్సాహముతో, నగరములోని కొందరు స్త్రీల రక్తపు నమూనాలను సేకరించెను. ఆ వ్యాధి విదేశములదే గాని మనది కాదని పెద్దలనేకులు నమ్మియున్న దినములవి. నమూనాలను తన ఇంటి శీతలపేటికలో భద్రపరచి, భర్త తోడురాగా రైలులో వేలూరునకు తీసికొనిపోయి అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలలో పరీక్ష చేయించెను. ఆరు నమూనాలలో వ్యాధి జాడ కనబడినది. ఆ మీదటనే దేశము మేలుకొన్నది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. ఒక విద్యార్థిని అడుగవలసిన ప్రశ్నను అడిగినందున లక్షలాది ప్రాణములు నిలిచినవి. మన బిడ్డల ప్రశ్నలను చీటీలలో దాచుకొననిచ్చుట మనకు తగునా?

తెలియుట వేరు, నడచుకొనుట వేరు

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారి 2021 అంచనాల ప్రకారము దేశములో సుమారు 24 లక్షల మంది ఈ వ్యాధితో జీవించుచుండిరి. వారిలో సుమారు 3 లక్షల 20 వేల మంది మన రాష్ట్రమువారు. దేశము మొత్తముమీద వేయిమంది వయోజనులలో ఇద్దరికి వ్యాధి యుండగా, ఆంధ్రప్రదేశములో ఆ సంఖ్య ఏడింటికి సమీపముగ నున్నది. ఆనందింపదగిన విషయమేమనగా, 2010తో పోల్చినచో 2021 నాటికి దేశములో ఏటేట క్రొత్తగా సోకువారి సంఖ్య 46 శాతము తగ్గినది. అయినను ఆ ఒక్క సంవత్సరమున సుమారు 63 వేలమందికి క్రొత్తగా సోకినది. కావున పని సగమే అయినది.

ఎయిడ్స్ అను పేరు విననివారు నేడు అరుదు. కాని పేరు వినుట జ్ఞానము కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ భేదమును చక్కగా చూపినది. నిరోధ్ వలనను, దాంపత్య విశ్వాసము వలనను రక్షణ కలుగునని తెలిసి, ఆరోగ్యముగా కనబడువారికిని వ్యాధి యుండవచ్చునని ఎరిగి, దోమకాటు, సహపంక్తి మొదలగు అపోహలను త్రోసిపుచ్చగలవారినే పూర్తి అవగాహన కలవారుగా ఆ సర్వే లెక్కించినది. దేశములో 15 మొదలు 49 ఏండ్లలోపువారిలో స్త్రీలు నూటికి 22 మందికి లోపుగను, పురుషులు నూటికి సుమారు 31 మందియు మాత్రమే అట్టివారు. చీటీల పెట్టెలో దోమను గూర్చిన ప్రశ్న ఎందుకు వచ్చినదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

పూర్తిగా తెలిసినవారును తెలిసినట్లు నడచుకొనలేకపోవుటకు కారణములు కలవు. తోడివారి ముందు చులకనగుదుమను భయముతో కొందరు తొందరపడుదురు. మద్యము త్రాగిన రాత్రి పగటి వివేకము పనికిరాదు. దుకాణములో నిరోధ్ అడుగుటకు సిగ్గు. చేతిలోని ఫోనులో చూచిన బొమ్మలే శాస్త్రమని భ్రమ. ప్రేమ యున్నచోట ప్రమాదముండదని మరియొక భ్రమ. ఆడపిల్లల విషయము మరింత కష్టమైనది. వద్దనుటకు వారికి ధైర్యము చాలదు. జరుగరానిది జరిగినచో చెప్పుకొనుటకు చోటుండదు. చెప్పినచో చదువు మాన్పించి పెండ్లి చేయుదురను భయము.

కరవు సీమలో మరియొక విషయము కూడ కలదు. వానలు తప్పిన యేట కర్నూలు పడమటి మండలములనుండి కుటుంబములు గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడపు పనులకును పోవును. కడప జిల్లానుండి ఎందరో కువైటునకు పోయి పనిచేయుచున్నారు. సెలవులలో విద్యార్థులును కూలికి పోవుదురు. అంతమాత్రమున వలసపోయి వచ్చినవారిని అనుమానించుట ఘోరమైన తప్పు. వలస వ్యాధి కాదు. ఇల్లు, తోడు, సమాచారము, వైద్యము లేక మనిషి ఒంటరి యగుటయే ప్రమాదము. హాస్టలుకు పోయిన బిడ్డకును, కూలికి పోయిన తండ్రికిని ఈ ప్రమాదము ఒక్కటియే.

పల్లె నేర్పు పాఠము

కళాశాలలలో రెడ్ రిబ్బన్ క్లబ్బులు ఏర్పాటైనవి. తోడి విద్యార్థులే శిక్షణ పొంది, పెద్దలవద్ద అడుగలేని సంగతులను స్నేహితులతో మాటాడి తెలియజెప్పుదురు. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకము విద్యార్థులు ఏటేట పల్లెలలో ఏడు దినముల శిబిరములు జరుపుచు, చెట్లు నాటుట, వీధులు శుభ్రపరచుటతోబాటు ఆరోగ్య ప్రచారమును చేయుచున్నారు. ఇట్టి శిబిరమును ఆహ్వానించు విషయమై మేము ఒక పంచాయతీ సమావేశములో మాటాడుచుండగా జరిగిన సంభాషణను ఇచ్చట తెలుపుట యుక్తము.

ఒక పెద్దాయన లేచి, "మా పిల్లోడు కర్నూల్లో సదువుకుంటాండాడు సార్. బుద్ధిమంతుడు. వానికి ఇయన్నీ ఎందుకు చెప్పల్ల?" అనెను. పలువురు తలలూపిరి. అంతవరకు మాటాడక కూర్చున్న ఒక సభ్యురాలు అప్పుడు మెల్లగా ఇట్లనెను: "మన ఊర్లోనే ఆ రోగమొచ్చి ఒగడు సచ్చిపోతే పాడె మొయ్యనీకి నలుగురు రాల్యా. ఆ పొద్దు నీ కొడుకు అరుగు మింద కూసోని సూసినాడు గదా పెద్దాయనా. అది సూసిన పిల్లోడు రేపు వానికి ఏమన్నా అయితే నీకు చెప్తాడా?"

సభలో చాలసేపు ఎవరును మాటాడలేదు. పెద్దాయన కండువాతో ముఖము తుడుచుకొని, "పిలిపిచ్చండి సార్ ఆ పిల్లోల్లని" అని కూర్చుండెను.

ఆమె చెప్పిన మాటయే ఈ వ్యాససారము. కళాశాలకు పోవుటకు ముందే బిడ్డ తన ఊరివద్ద ఒక పాఠము నేర్చుకొని పోవును. రోగి ఇంటివారిని కొళాయివద్ద వెనుకకు నెట్టిన ఊరు, తన బిడ్డలకు దాచుకొనుమని నేర్పుచున్నది. దాచుకొన్నవాడు పరీక్షకు పోడు. పరీక్ష లేనివానికి మందు లేదు. మందు లేనివానినుండి మరియొకరికి సోకును. ఆ మరియొకరు అదే ఊరి కోడలు కావచ్చును.

చట్టమేమి చెప్పుచున్నది?

2017లో పార్లమెంటు ఎచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టమును చేసినది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్నది. దీని ప్రకారము ఒకరి సమ్మతి లేక వారికి పరీక్ష చేయరాదు. వ్యాధి యున్న సంగతిని చట్టము అనుమతించిన కొన్ని సందర్భములలో తప్ప వారి సమ్మతి లేక వెల్లడింపరాదు. ఉద్యోగము, చదువు, వైద్యము, అద్దెయిల్లు, బావి, దుకాణము మొదలగు వానియందు భేదము చూపరాదు. ఇంటిలో నివసించు హక్కును కాదనరాదు. రోగులపై ద్వేషమును ప్రచారము చేసినవారికి మూడు నెలల మొదలు రెండేండ్లవరకు కారాగారము గాని, లక్ష రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పెండ్లికి ముందు వధూవరులు తమ ఇష్టముతో పరీక్ష చేయించుకొనుట మంచిదే. కాని ఊరంతకు కట్టుబాటుగా పెట్టి బలవంతము చేయుటకు పంచాయతీకి అధికారము లేదు.

పంచాయతీలు చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము చేరియున్నవి. కావున ఇది ఇతరుల పని యని మనము తప్పుకొనుటకు వీలులేదు. అందులకు పెద్ద నిధులును అక్కరలేదు.

మొదట, గ్రామసభలో సంవత్సరమునకు ఒక్కమారైనను ఈ విషయమును చర్చకు పెట్టవలెను. డిసెంబరు 1వ తేదీ ప్రపంచ ఎయిడ్స్ దినము గనుక అందుకు తగిన సమయము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని పిలిపించి, స్త్రీలకు వేరుగను, పురుషులకు వేరుగను సమావేశములు జరిపినచో మాటాడుటకు జంకు తగ్గును. చీటీల పెట్టె నొకదానిని ఉంచుట మరువరాదు. కళాశాలలో పనికివచ్చినది పల్లెలోను పనికివచ్చును.

రెండవది, సమీప కళాశాల ప్రిన్సిపాలునకు పంచాయతీ తరపున ఉత్తరము వ్రాసి, జాతీయ సేవా పథకపు శిబిరమును, రెడ్ రిబ్బన్ క్లబ్బు విద్యార్థులను ఆహ్వానింపవలెను. మన ఊరి బిడ్డలే అందులో ఉన్నచో మరియు మంచిది. తన ఊరివారి ముందు నిలిచి ఈ విషయమును ధైర్యముగా చెప్పిన విద్యార్థి, దానిని తాను మరచిపోడు.

మూడవది, ఇంటరు ముగించి పట్నమునకు పోవు పిల్లలను, వారి తలిదండ్రులను వేసవిలో ఒకనాడు కూర్చుండబెట్టి మాటాడవలెను. ఉపకారవేతనము, హాస్టలు సంగతులతోబాటు పరీక్షాకేంద్రమును గూర్చియు, 1097 నెంబరును గూర్చియు, 72 గంటల సంగతిని గూర్చియు చెప్పవలెను. ఆడపిల్లలకు ఆశా కార్యకర్తగాని, ఉపాధ్యాయురాలుగాని చెప్పుట బాగుండును. తలిదండ్రులు చెప్పవలసిన మాట ఒక్కటే: "ఏమి జరిగినను మొదట మాకు చెప్పు, చదువు మాన్పించము."

నాల్గవది, రహస్యము కాపాడుట. ఏ.ఆర్.టి. మందులు వాడువారికి రాష్ట్రప్రభుత్వము పింఛను ఇచ్చుచున్నది. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలైనది. అర్హులైనవారు దీనిని పొందునట్లు సహాయపడవలెను. కాని వారి పేర్లను నోటీసు బోర్డుమీద పెట్టుట గాని, సభలో చదువుట గాని, రచ్చబండవద్ద పలుకుట గాని కూడదు. సభ్యునికి తెలిసిన రహస్యము సభ్యునివద్దనే ఆగిపోవలెను.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మన నడవడి. ఊరిలో ఒక కుటుంబము ఈ వ్యాధివలన కష్టములో నున్నట్లు వారే చెప్పుకొన్నచో, సర్పంచు స్వయముగా ఆ ఇంటికి పోయి, అరుగుపై కూర్చుండి మంచినీరు త్రాగి రావలెను. పిల్లలను బడిలో తక్కిన పిల్లలతో ఒకే పంక్తిలో కూర్చుండబెట్టవలెను. చావు వచ్చిన నాడు పాడె మోయుటకు పంచాయతీ సభ్యుడు ముందుగా భుజము పెట్టవలెను. పది ఉపన్యాసములు చేయలేని పనిని ఇది చేయును. ఏలయనగా అరుగులమీద కూర్చున్న బిడ్డలు చూచుచుందురు.

తరువాతి సమావేశములో చర్చించుటకు

సభ్యులు ఈ ప్రశ్నలను తమలో తాము చర్చించుకొందురుగాక. మన ఊరినుండి కళాశాలకు పోవు బిడ్డలెందరు? వారిలో బాలికలెందరు? మనకు సమీపమున పరీక్షాకేంద్రము ఎచ్చట ఉన్నది? గడచిన సంవత్సరములలో ఈ వ్యాధి పేరుతో మన ఊర ఎవరికైన అన్యాయము జరిగినదా? జరిగినచో దానిని సరిదిద్దుటకు నేడు ఏమి చేయగలము?

ఆ చీటీ వ్రాసిన విద్యార్థి ఎవరో మాకు తెలియదు. తెలిసికొన యత్నింపను లేదు. ఈ రెండు జిల్లాలలో ఏ ఊరి బిడ్డయైనను కావచ్చును. "పరీక్ష చేయించుకుంటే మా ఊర్లో తెలిసిపోతాదా?" యని అతడు అడిగెను. చట్టము తరపున వైద్యుడు సమాధానము చెప్పెను. "తెలిసినను భయము లేదు నాయనా, మేమున్నాము" అను రెండవ సమాధానము మాత్రము పంచాయతీ సభ్యులే ఇయ్యగలరు. తమ ఊరి బిడ్డలకై ఆ మాట ఇచ్చుటకు వారు జాగు చేయరని మా విశ్వాసము.